కంచె వేసిన ఆరేళ్ళు

పిల్లలున్న ఇళ్ళలో కార్టూన్ల చివర "నెల్వానా" అనే పేరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఫ్రాంక్లిన్ తాబేలు సీరియల్ తీసింది వీళ్ళే. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుకుతూ పోతే చివరికి 1941 నాటి టొరాంటోలో తేలాను.

అవి యుద్ధం రోజులు. డాలర్లు మిగుల్చుకోవడానికి కెనడా 1940 డిసెంబరులో ఒక చట్టం చేసి, అత్యవసరం కాని అమెరికా సరుకుని ఆపేసింది. ఆ జాబితాలో కామిక్స్ కూడా ఉన్నాయి. పిల్లల చేతిలో పది సెంట్లున్నాయి, కొట్లో సూపర్‌మాన్ లేడు! టొరాంటోలో ప్రకటనల బొమ్మలు వేసే కంపెనీ నడుపుతున్న సై బెల్, అతని సోదరుడు జీన్ ఈ ఖాళీని పట్టుకున్నారు. అదే తర్వాత బెల్ ఫీచర్స్ అయ్యింది. అట్ట రంగుల్లో, లోపలంతా నలుపూ తెలుపూ. అందుకే వీటికి "కెనడియన్ వైట్స్" అనే పేరు పడింది.

ఏడ్రియన్ డింగిల్ అనే చిత్రకారుడు సృష్టించిన నెల్వానా, ఉత్తరధ్రువ కాంతుల శక్తి ఉన్న వీరవనిత. 1941 ఆగస్టులో ఓ చిన్న సంస్థ పుస్తకంలో మొదలై, 1942లో బెల్ గూటికి చేరింది. వండర్ వుమన్ కన్నా కొన్ని నెలలు పెద్దదన్నమాట. జానీ కనక్‌ని గీసిన లియో బాకిల్ అప్పటికింకా టీనేజి కుర్రాడే.

యుద్ధం ముగిసింది, సరిహద్దు తెరుచుకుంది, రంగుల సూపర్‌మాన్ తిరిగొచ్చాడు. 1946 నాటికి బెల్ సొంత కామిక్స్ కథ దాదాపు ముగిసిపోయింది. తర్వాత అమెరికా కామిక్స్‌నే తిరిగి అచ్చేసుకోవాల్సి వచ్చింది.

ఈ కథ చెప్తే మనవాళ్ళు వెంటనే "చూశావా, రక్షణ తీసేస్తే నిలబడలేకపోయారు, సరుకు అంతంతమాత్రమే" అంటారు. మన వృత్తిలో ఇది వేదవాక్కు కదా, మార్కెట్లో నిలవనిది పనికిరానిది! నేనూ మూడేళ్ళు పనిచేసిన ప్రాడక్టుని ఓ కంపెనీ ఒక్క మెయిల్‌తో మూసేసింది. ఆ మర్నాటి నుంచి అందరూ ఆ కోడ్‌ని చెత్త అనడం మొదలుపెట్టారు. ముందురోజు దాకా బాగానే ఉందే?

నిజమే, బెల్ కథలన్నీ గొప్పవి కావు. జపాన్ వాళ్ళని చూపించిన తీరైతే ఇప్పుడు చదవడమే కష్టం. కానీ ఆ చట్టం డింగిల్‌కి గానీ బాకిల్‌కి గానీ ప్రతిభ ఇవ్వలేదండీ, చోటు మాత్రమే ఇచ్చింది. చోటు పోయినంత మాత్రాన వాళ్ళ పని చెడ్డదైపోదు. మార్కెట్ చెప్పేది ఎవరు అమ్ముకోగలరన్నదే. పనిలో విలువెంతో చెప్పడం దాని పని కాదు.

1970ల మొదట్లో మైకేల్ హర్ష్, పాట్రిక్ లూబర్ట్ అనే ఇద్దరు కుర్రాళ్ళు బెల్ పాత బొమ్మల్ని సంపాదించి, 1971లో వాటి మీద పుస్తకం వేశారు. అదే ఏడాది మరో మిత్రుడితో కలిసి పెట్టుకున్న యానిమేషన్ కంపెనీకి నెల్వానా పేరే పెట్టుకున్నారు. 1995లో కెనడా తపాలా శాఖ నెల్వానానీ, జానీ కనక్‌నీ బిళ్ళల మీదకెక్కించింది. ఇదంతా ఎలా సాధ్యమైంది? కంపెనీ పోయినా, ఎవరో ఆ కాయితాల్ని చెత్తబుట్టలో పారెయ్యలేదు గనక. అంతే.