కొబ్బరి బొండాలు



రోగిని చూడబోతే మనం వట్టి చేతులతో వెళ్ళం. ఝరాసంగంలో డయాలసిస్ మీద ఉన్న ఒక అమ్మ ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు పాస్టరమ్మా మేమూ నాలుగు కొబ్బరి బొండాలు, డజను అరటిపండ్లు పట్టుకెళ్ళాం. కోడలు వాటిని మంచం కిందికి నెట్టి, మమ్మల్ని వాకిట్లోకి పంపేటప్పుడు మెల్లగా చెప్పింది. "అయ్యగారూ, గివి అత్తమ్మకు ఇయ్యొద్దన్నరు. గుండె ఆగుతదంట."

నిజమే. రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. చెడిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. పైగా ప్రార్థన చేస్తూ మేము గట్టిగా పట్టుకున్నది ఫిస్టులా ఉన్న చెయ్యి! ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది వేయకూడదు, బరువు ఎత్తించకూడదు. రోజూ పొద్దున కోడలు అక్కడ అరచెయ్యి ఆనించి, లోపలి జల్లుమనే కదలిక ఉందో లేదో చూస్తుంది. ఆగితే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. పొద్దున్నే తూచిన బరువు, ఒంటి వాపు, తాగిన నీళ్ళు అన్నీ రాస్తుంది. ముందురోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపి డాక్టరు లెక్క కట్టారట. చాయ్, మజ్జిగ, పులుసు అన్నీ అందులోనే. మన ఎండాకాలంలో ఆ దాహం ఊహించండి. నోరు పుక్కిలించి ఉమ్మేస్తుంది, ఒక్కోసారి చిన్న ఐసుముక్క చప్పరిస్తుంది. సంస్కారపు ఆదివారం ఆ అమ్మ అడిగింది, "ప్రభువు గిన్నెలది కూడా బుక్కుల రాయాల్నా అయ్యగారూ?" సెమినరీలో ప్రభువు బల్ల గురించి చాలా వాదాలు చదివాం. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. రాయమన్నాం.

ఇంకో ఇంట్లో ఊపిరితిత్తులు చెడిన తాత. బీడీలు, జొన్నరొట్టెల పొయ్యి పొగ, ఏళ్ళ తరబడి. ముందుకు వంగి కూర్చుంటేనే ఆయాసం కొంచెం తగ్గుతుంది. క్రిస్మస్ సాయంత్రం మనవాళ్ళం కొవ్వొత్తులతో పాడుకుంటూ వెళ్తే కొడుకు గడపలోనే ఆపేశాడు. లోపల ఆక్సిజన్ నడుస్తోంది, నిప్పు దగ్గరికి రాకూడదు. కొందరు నొచ్చుకున్నారు. అతను చేసిందే సరైనది. ఆయాసం ఎక్కువైందని ఆక్సిజన్ మనమే పెంచడం కూడా తప్పు, అలాంటి రోగి మత్తులోకి జారిపోవచ్చు. మా పొడుగు ప్రార్థనలు కూడా అక్కడ తగ్గించుకున్నాం.

మార్కు రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవానిని మోసుకొచ్చిన నలుగురి మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. ఈ కోడలు ఒక్కతే వారానికి మూడుసార్లు అత్తను జహీరాబాదు తీసుకుపోతుంది. మిషను మీదే దాదాపు నాలుగు గంటలు. డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీలో పోతుంది, ఆటో కిరాయి, పోయిన కూలి మాత్రం ఆమె మీదే.

సోమవారం పాస్టరమ్మ వెంట వెళ్తుంది. శనివారానికి యౌవనస్థులు ఒప్పుకున్నారు. బుధవారం ఇంకా ఎవరూ చెప్పలేదు. పొద్దున 6 గంటలకు ఆటో వస్తుంది. పండ్లు తేవద్దు.