పిన్ని ఫొటో

హాలిఫాక్స్ అనగానే మనవాళ్ళకు చలిగాలి, చేపలు, ఓడరేవు గుర్తుకొస్తాయి. 1928 నుంచి 1971 దాకా ఓడల్లో వచ్చిన వలసదారులు ఎందరో అక్కడి పియర్ 21లోనే దిగారు. మనలో చాలామందిమి విమానాల్లో వచ్చినవాళ్ళం గనుక ఆ రేవుతో మనకంత చుట్టరికం లేదు. కాని అదే ఊళ్ళో ఒక చిత్రకళాశాల ఉంది. నోవాస్కోషియా కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్ అని అప్పటి పేరు. 1967లో గ్యారీ నీల్ కెనడీ అధ్యక్షుడయ్యాక పైదేశాల కళాకారులను అక్కడికి రప్పించసాగాడు. అలా 1978లో పాఠం చెప్పడానికి వచ్చినవాడు జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్. ఆయన సంగతి మిత్రులకు చెప్పాలని చాలాకాలంగా మా ఇంట్లో అనుకుంటున్నాం. చిత్రకళ మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఇది ఇంటి ఆల్బమ్ సంగతి కూడా.

రిక్టర్ 1932లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. హిట్లర్ ఏలుబడిలో పెరిగాడు, యుద్ధం తర్వాత తూర్పు జర్మనీలో బొమ్మలు వేయడం నేర్చాడు. అక్కడ గోడచిత్రాలు వేసి పేరు తెచ్చుకుంటున్నవాడే, 1961లో బెర్లిన్ గోడ లేవడానికి కొద్ది నెలల ముందు భార్యతో పడమటికి వచ్చేశాడు. తల్లీ తండ్రీ తూర్పునే ఉండిపోయారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో డుస్సెల్డార్ఫ్ కళాశాలలో మళ్ళీ విద్యార్థిగా చేరాడు. ఇక్కడికొచ్చి పరీక్షలన్నీ మొదటినుంచీ రాసిన మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ ఆ అవస్థ విడమర్చి చెప్పనక్కర్లేదు.

కొత్తచోట ఆయన వేయడానికి ఎంచుకున్నవి ఫొటోలు. పత్రికల్లోవి, ఇంటి ఆల్బమ్‌లోవి. ఫొటోను కాన్వాసు మీద పెద్దదిగా పడేటట్టు చేసి, గీతలు తీసుకుని, బూడిదరంగుల్లో అచ్చంగా వేసి, రంగు తడి ఆరకముందే పొడికుంచెతో అడ్డంగా అలికేవాడు. మనిషి కనిపిస్తాడు, కాని చేతికి అందడు. పోగుచేసిన ఫొటోలనూ పత్రికల ముక్కలనూ అట్టల మీద అమర్చి 'అట్లాస్' అని పేరు పెట్టాడు. ఇప్పుడది మ్యూనిక్‌లో ఉంది, ఎనిమిది వందల అట్టల దాకా పెరిగింది.

1965లో వేసిన రెండు బొమ్మలు చూడండి. ఒకటి 'అంకుల్ రూడీ'. సైనికుడి దుస్తుల్లో నవ్వుతూ నిలబడ్డ మేనమామ, యుద్ధంలో చనిపోయాడు. రెండోది 'ఆంట్ మరియన్'. పద్నాలుగేళ్ళ పిల్ల, ముందు నెలల పసివాడు. ఆ పసివాడు రిక్టరే. ఆ పిల్ల ఆయన తల్లికి చెల్లెలు, మన వరసలో పిన్ని. తర్వాత ఆమెకు మనోవ్యాధి అన్నారు. నాజీ చట్టం ప్రకారం బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. 1945లో గ్రాస్‌ష్వైడ్నిట్జ్ అనే చోట, ఆస్పత్రి పేరుతో నడిచే కొంపలో, తిండి మాడ్చి, మందులెక్కించి చంపారు. రిక్టర్ చిన్నప్పుడు అల్లరి చేస్తే "ఆ పిచ్చి మరియన్‌లా అవుతావు" అని పెద్దలు బెదిరించేవారట.

కథ అక్కడితో అయిపోలేదు. రిక్టర్ మొదటి భార్య తండ్రి ఎస్.ఎస్. డాక్టరు. డ్రెస్డెన్‌లో ఆయన చేతికింద ఉన్న ఆస్పత్రిలో అటువంటి ఆపరేషన్లే వందల్లో జరిగాయి. ఆ మామగారు కూడా 1964లో రిక్టర్ వేసిన బొమ్మలో ఉన్నాడు, సముద్రతీరాన కుటుంబంతో హాయిగా నవ్వుతూ. ఈ రెండు కొసలనూ కలిపి ఒక విలేకరి రాసేదాకా లోకానికి తెలియలేదు. అన్ని ముఖాలూ నలభై ఏళ్ళు గోడల మీదే ఉన్నాయి, కథే లేదు.

హాలిఫాక్స్‌లో ఆయన చేసిన పని చిత్రమైనది. తాను వేసిన ఒక చిన్న రంగుల చిత్రాన్ని తీసుకుని, దగ్గరగా, ఏటవాలుగా, రకరకాల వెలుగులో, నలుపు తెలుపుల్లో 128 ఫొటోలు తీశాడు. కొన్నిట్లో రంగుపెళ్ళలు కొండల్లా, లోయల్లా కనిపిస్తాయి. 1980లో కళాశాల ప్రెస్సే వాటిని పుస్తకంగా వేసింది. చేతిలో ఉన్నదాన్నే 128 సార్లు చూడవచ్చునన్నమాట!

మా ఇంట్లో కాకినాడ స్టూడియోలో తీయించిన ఫొటో ఒకటుంది. కొసన కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డ అమ్మాయి మాలో ఒకరికి పిన్ని. ఇక్కడి డాక్టరు ఇచ్చిన కాగితంలో ఇంట్లో ఎవరికైనా మనోవ్యాధి ఉందా అనే ప్రశ్న చూసి మా అమ్మాయి మమ్మల్ని అడిగింది. మాకు పెద్దలు చెప్పింది ఒక్కటే మాట: "జబ్బు చేసి పోయింది." ఆ జబ్బు ఏమిటో ఊరికి తెలిస్తే మిగతా ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆగుతాయని ఆ పేరే ఎత్తడం మానేశారు. మాకు తెలిసినంతా అమ్మాయికి చెప్పాం. మూడు వాక్యాలకు మించలేదు.

తర్వాత కాకినాడకు ఫోన్ చేశాం. అక్కచెల్లెళ్ళలో మిగిలింది పెద్దావిడ ఒక్కరే. పిన్ని పేరు చెప్పగానే చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాం. చివరికి, "లెక్కలు అది చేసేది, మార్కులు నాకొచ్చేవి" అన్నారు. ఆ పూట గంటసేపు మాట్లాడారు. జబ్బు గురించి అడిగినవాటికి జవాబు చెప్పారు గాని, ఎక్కువ చెప్పింది పలక గురించీ, జామచెట్టు గురించీ.

రిక్టర్ తర్వాత చాలా పేరు గడించాడు. 1988లో టొరంటోలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియో, షికాగో మ్యూజియంతో కలిసి ఆయన చిత్రాలకు పెద్ద ప్రదర్శన పెట్టింది. 2007లో కొలోన్ కెథెడ్రల్‌కు 72 రంగుల గాజుపలకలతో కిటికీ చేసి ఇచ్చాడు. 2014లో యూదుల చావుశిబిరంలో దొంగచాటుగా తీసిన నాలుగు ఫొటోల మీద 'బిర్కెనౌ' చిత్రాలు వేశాడు. వాటిని మొదట ఫొటోల ప్రకారం గీసి, చివరకు రంగులతో పూర్తిగా కప్పేశాడు. చూపించడానికీ కప్పడానికీ మధ్య ఆయన జీవితమంతా నడిచింది.

మనం వచ్చేటప్పుడు పెట్టెల్లో ఫొటోలు తెచ్చుకున్నాం. కథలు మాత్రం అక్కడి అరుగుల మీదే ఉన్నాయి, చెప్పేవాళ్ళు ఏటా తగ్గుతున్నారు. పండగకు ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం, వర్షాలు అయ్యాక, ఫొటోలో కొసన నిలబడ్డది ఎవరని కూడా అడగండి. పిన్ని పేరు ఇక్కడ రాయడం లేదు. ఫొటో వెనక రాశాం, తెలుగులోనూ, పిల్లలు చదవగలిగేటట్టు ఇంగ్లీషులోనూ. దానికింద, లెక్కల్లో దిట్ట అని.