గడి నిండా సున్నాలు

హైడ్రోకార్బన్ మిశ్రమాల లెక్కలు కంప్యూటరు మీద ఎలా నేర్పుతున్నారో చూసి రమ్మని సంపాదకుడు పంపితే విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లాను. 1957 నుంచి చమురు శుద్ధి చేస్తున్న ఊరు కదా, ఈ చదువుకి ఇంతకన్నా తగిన చోటుండదు. ఏసీ గది, కొత్త కంప్యూటర్లు అన్నీ ఓపిగ్గా చూపించారు. నేను మాత్రం ఎక్కువసేపు పక్కనున్న థర్మోడైనమిక్స్ ల్యాబులోనే ఉండిపోయాను.

అక్కడ రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ల్యాబ్ అసిస్టెంటు ఒకాయన గాజు ఓత్మర్ స్టిల్‌లో హెక్సేన్, టొల్యూయీన్ కలిపి మరిగిస్తున్నాడు. ఆవిరి పైకి పోయి, కండెన్సర్లో చల్లారి, మళ్లీ కిందికి దిగుతోంది. థర్మామీటరు ఒకచోట నిలబడేదాకా ఆయన డిమ్మర్‌స్టాట్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నిలబడ్డాక ఆవిరి వైపు కాక్ తిప్పి, గొట్టంలో నిలవున్న నాలుగు చుక్కలూ పారబోసి, ఆ తర్వాతవే సీసాలోకి పట్టాడు. రిఫ్రాక్టోమీటరు ప్రిజాన్ని అసిటోన్ దూదితో తుడిచి, రెండు చుక్కలు వేసి, కన్ను ఆనించి మర తిప్పాడు. వెలుగుకీ చీకటికీ మధ్య గీత సరిగ్గా అడ్డగీతల కూడలి మీదికి వచ్చింది. కొంచెం దాటించి, మళ్లీ వెనక్కి తెచ్చి, రెండోసారీ అదే అంకె వస్తేనే పుస్తకంలో రాసుకున్నాడు.

"అరసెకనులో కంప్యూటరు చెప్పేదానికి పూటంతా ఈ కాపలా ఎందుకురా" అని ఒక కుర్రాడు పక్కవాడితో గొణిగాడు.

ఆయన చెవిన పడింది. "మరి కంప్యూటరుకి ఎవరు చెప్పారు బాబూ?" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆ మాటకి జవాబు ఆ కాలేజీలో ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

కంప్యూటరు చేసే పని దాచుకునేదేమీ కాదు. ఆవిరిలో ఒక పదార్థం వాటాని ద్రవంలో దాని వాటాతో భాగిస్తే వచ్చేది కె విలువ. ఉష్ణోగ్రత ఊహించడం, ఆవిరి వాటాలన్నీ కూడడం, ఒకటి రాకపోతే ఊహ మార్చడం, అంతే. హెక్సేన్, టొల్యూయీన్ సగం సగం కలిస్తే రౌల్ట్ సూత్రం ప్రకారం వాతావరణ పీడనం దగ్గర 84 డిగ్రీల ప్రాంతంలో మరుగుతాయి. ఆవిరిలో హెక్సేన్ 78 శాతం దాకా ఉంటుంది. స్టిల్‌లో అసలు మరుగు దీనికి కాస్త దిగువనే ఉంటుంది. ఆ కాస్త తేడా ఏ ఊహలోనుంచీ రాదు, కొలిస్తేనే తెలుస్తుంది.

1972లో సోవే, 1976లో పెంగ్, రాబిన్సన్ ఇచ్చిన సమీకరణాలు ఈ పనిని ఎంతో దూరం తీసుకెళ్లాయి. వాటిలో పదార్థాల ప్రతి జతకీ ఒక సవరణ అంకె ఉంటుంది. కంప్యూటర్ల గదికి తిరిగొచ్చి, ఆ కుర్రాడు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాంలో ఆ అంకెల పట్టిక తెరిపించాను. గడి నిండా సున్నాలే. దగ్గరి పోలికలున్న హైడ్రోకార్బన్లకి సున్నాతో గడిచిపోతుంది. కార్బన్ డయాక్సైడు చేరితే గడవదు. పెంగ్-రాబిన్సన్‌లో హైడ్రోకార్బన్లతో దాని అంకె 0.1కి అటూ ఇటూ ఉంటుంది. సహజవాయువులో అది కలిసి రావడం మామూలే.

ఆ 0.1 సమీకరణంలోనుంచి పుట్టలేదు. 1930ల నుంచి కాల్‌టెక్‌లో సేజ్, లేసీ లాంటివాళ్లు ఉక్కు పాత్రల్లో, భారీ పీడనాల కింద, ఒక్కొక్క జతనే పట్టుకుని ఏళ్ల తరబడి కొలిచారు. ఆ కోవ కొలతలకి సరిపోయేలా కట్టిన అంకెలే ఇవి. డజన్ల కొద్దీ ట్రేలున్న డిస్టిలేషన్ కాలమ్‌ని చేత్తో లెక్కగట్టమని ఎవరూ అనరు. కాని కొలిచేవాళ్లని పోగొట్టుకుని లెక్కలు మాత్రం పెంచుకోవడం ఏం చదువు? ఆ ల్యాబులో రెండో స్టిల్‌కి కండెన్సర్ పగిలి మూలన పడి ఉంది. కొత్తదానికి పెట్టిన ఇండెంటు ఎక్కడుందో ఆయనకే తెలియదట. సాఫ్ట్‌వేరు లైసెన్సు మాత్రం ఏటా గడువుకి ముందే రెన్యువల్ అవుతోంది.

నన్నడిగితే ఒకటే నియమం పెట్టాలి. ప్రతి విద్యార్థీ ఒక్క జతనైనా తన చేత్తో కొలిచి, తన ప్రోగ్రాం జవాబు పక్కన పెట్టి చూపించాలి. మిగతా అంకెలు ఎవరు, ఏ ఏట కొలిచినవో కింద రాయాలి. రాయనివాడికి మార్కులు లేవు. అది పరీక్షలోకి వచ్చిన మర్నాడే ఆ కండెన్సర్ ఇండెంటుకి సంతకం పడుతుంది.