ఆ పిట్ట ఎక్కడుంది?

ఢిల్లీ లక్ష్మీనగర్‌కు పడమట యమున పారుతుంది. శీతకాలపు ఉదయాన మెడలో దుర్భిణితో ఆ ఒడ్డుకు వెళ్ళినవానికి అరుదైన పిట్ట కనిపిస్తే, పదిమందికీ చెప్పాలనిపించడం సహజం. “ఎక్కడ?” అని ఎవరైనా అడిగినప్పుడే చిక్కంతా. గూటి ఆనవాలు పొక్కిందా, మరునాటికి కెమెరాలు మూగుతాయి. తల్లిపిట్ట గుడ్లను విడిచి ఎగిరిపోవచ్చు. చెప్పినవాడు మంచివాడే, పాపం!

అయితే మౌనమూ అన్నివేళలా క్షేమం కాదు. 1900 తరువాత కానరాక, అంతరించిందనుకున్న కలివికోడిని 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రివేళ పట్టుకున్నాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పరిశోధకుడు భరత్ భూషణ్ అన్వేషణ ఫలించింది. ఆ పక్షి మాత్రం ఎక్కువకాలం బతకలేదు. ఆ చోటు వెల్లడైనందువల్లనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలసింది; తెలుగుగంగ కాలువ ఆ పొదలను సమీపించినప్పుడు దాని దారి మళ్ళించగలిగారు. అడవిని కాపాడేవారికి పొద గుర్తు సైతం తెలియాలి. టార్చిలైటు, రికార్డు చేసిన కూత పట్టుకొని వచ్చే యాత్రికునికి జిల్లా పేరు చాలదా?

లక్ష్మీనగర్ దుర్భిణిధారి మిత్రులతో “యమున ఒడ్డున” అని ఊరుకుంటాడు. ఒడ్డు చాలా పొడవు.