కారు సీట్లో చంటిపిల్లాడు – బయట 105 డిగ్రీలు

ఎండాకాలంలో చంటిపిల్లల్ని కార్లో తిప్పడం గురించి మనవాళ్ళలో రెండు సిద్ధాంతాలు చలామణీలో ఉన్నాయి. మొదటిది పెద్దవాళ్ళది: "ఉడికిపోతున్నాడు పాపం, ఆ సీట్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకో." రెండోది మన సాఫ్ట్‌వేర్ జాతిది: "ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి దొరక్కపోదు, ఆర్డర్ పెట్టేద్దాం." నా మటుకు నాకు ఈ రెండూ తప్పే అనిపిస్తాయి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

నేనుండేది డాలస్ దగ్గర. ఇక్కడి ఎండల సంగతి తెలియాలంటే ఒక్క లెక్క చాలు. 2011లో ఇక్కడ 71 రోజులు వంద డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరడమో దాటడమో జరిగింది. వంద అంటే మన లెక్కలో 38 దగ్గర. గుంటూరులోనో రామగుండంలోనో పెరిగినవాళ్ళకి 38 ఓ లెక్కా అనిపించొచ్చు. కానీ అక్కడ మనం చెట్ల కిందా, వరండాల్లోనూ, స్కూటర్ మీద గాలికీ తిరిగాం. ఇక్కడ పిల్లాడు గాజు పెట్టెలో, అందులో మళ్ళీ ఓ ప్లాస్టిక్ డొప్పలో, అయిదు పట్టీల మధ్య కూర్చుంటాడు. లెక్క మారిపోతుంది మరి.

అసలు కారు అంతలా ఎందుకు కాగుతుంది? అద్దంలోంచి ఎండ సులువుగా లోపలికొచ్చేస్తుంది. లోపలున్న డాష్‌బోర్డూ సీట్లూ దాన్ని పీల్చుకుని, వేడిగా మార్చి తిరిగి వదులుతాయి. ఆ వేడి అద్దం దాటి అంత సులువుగా బయటికి పోలేదు. తలుపులన్నీ మూసుంటే వేడిగాలికీ దారి లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీన్ని కొలిచి 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. బయట 72 నుంచి 96 డిగ్రీలున్న రోజుల్లో, ఎండలో ఆపిన కారు గంటలో సగటున 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు అంగుళంన్నర దించి పెట్టినా పెద్దగా తేడా రాలేదు. అంటే "కాస్త అద్దం దించి వెళ్ళాంలే" అన్నమాటకి విలువ లేదన్నమాట.

ఇక సీటు సంగతి. బయట ప్లాస్టిక్, లోపల నురగ, దాని మీద గుడ్డ. ఆ నురగ ప్రమాదంలో దెబ్బని పీల్చుకోడానికి. కానీ అదే నురగ వేడినీ పోనివ్వదు. వీపుకి గాలాడదు, చెమట ఆరదు. పైగా చంటిపిల్లలు వెనక్కి తిరిగి కూర్చోవాలి. రెండేళ్ళదాకా అలాగే ఉంచమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2011లో చెప్పింది. 2018లో దాన్ని ఇంకా బిగించి, సీటు మీద రాసిన బరువూ ఎత్తూ మించేదాకా అలాగే ఉంచమంది. దాంతో ముందు ఏసీ గాలంతా ఆ డొప్ప వీపుకి కొట్టుకుని ఆగిపోతుంది. ముందు మనకి చలేస్తుంటే, వెనక వాడికి చెమటలు కారుతుంటాయి.

ఆర్నెల్ల కోసం వచ్చిన మా అత్తగారు దీన్ని మొదటి వారంలోనే పట్టేశారు. "చూడండి బాబూ, పిల్లాడి వీపంతా ఎలా తడిసిపోయిందో. నేను వెనకే ఉన్నాగా, కాసేపు ఒళ్ళో పెట్టుకుంటాను" అన్నారు. ఆవిడ చూసింది అక్షరాలా నిజం. కానీ చెప్పిన వైద్యం మాత్రం ఒప్పుకోలేను. చట్టం సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. గంటకి 30 మైళ్ళంటే సెకనుకి 13 మీటర్ల పైన. ఆ వేగంలో ఉన్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. పది కిలోల పిల్లాణ్ణి ఆపడానికి కావలసిన బలం దాదాపు 135 కిలోల బరువుతో సమానం. ఎంత ప్రేమున్నా 135 కిలోల్ని చేతులతో పట్టుకోవడం అమ్మమ్మ వల్ల కాదు, నా వల్లా కాదు. ఈ లెక్క ఆవిడకి చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే ఆ సీటునే చల్లగా ఉంచండి" అన్నారు. ఇంతకంటే మంచి రిక్వైర్‌మెంట్ నాకు ఆఫీసులో కూడా ఎవరూ ఇవ్వలేదు :)

ఇప్పుడు మన సిద్ధాంతం దగ్గరికొద్దాం. వెతికితే బోలెడు దొరుకుతాయి. వీపు కింద పరిచే జెల్ పరుపులు, ఫ్యాన్లున్న అట్టలు, ఏసీ గాలిని సీటుదాకా తెచ్చే గొట్టాలు. పరిచే వాటితో చిక్కేమిటంటే, సీటుని పరీక్షించింది అవి లేకుండా. పిల్లాడికీ సీటుకీ మధ్య మెత్తటి వస్తువేదైనా పెడితే, గుద్దుకున్నప్పుడు అది అణిగిపోతుంది, ఆ మేరకు పట్టీ వదులైపోతుంది. ప్రొడక్షన్‌లో ఎవరూ టెస్ట్ చెయ్యని లైబ్రరీ తగిలించడం లాంటిదే. సీటు తయారుచేసిన కంపెనీ మాన్యువల్‌లో ఒప్పుకున్నదైతే సరే, లేకపోతే వద్దు. గట్టి అంచులున్న ప్లాస్టిక్ వస్తువులు దేన్నీ పిల్లాడి పక్కన తగిలించకండి, గుద్దుకున్నప్పుడు ఊడొచ్చి తగులుతాయి. ఎండ పడుతోందని సీటు మొత్తం గుడ్డతో కప్పేయడం కూడా వద్దు. నీడ మాట అటుంచి, వచ్చే కాస్త గాలీ ఆగిపోతుంది, వాడు మనకి కనపడడు.

మరి పనిచేసేవేమిటి? అన్నీ మామూలువే.

కారు నీడలో పెట్టడం. ముందద్దానికి అడ్డు పెట్టడం. ఖాళీ సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పి, ఎక్కించే ముందు తీసెయ్యడం. ఈ మూడోది అత్తగారి సలహా, నిక్షేపంలా పనిచేసింది. ఎండలో కాలిన ఇనప బకిల్ లేత చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది కాబట్టి, పెట్టేముందు ప్రతిసారీ చేత్తో ముట్టుకుని చూడాలి. పిల్లాణ్ణి ఎక్కించడానికి ముందే ఇంజన్ ఆన్ చేసి, తలుపులు తీసి వేడిగాలిని బయటికి పోనిచ్చి, తర్వాత ఏసీ బయటి గాలి మీద పెట్టి, కాస్త చల్లబడ్డాక లోపలి గాలే తిరిగేలా మార్చాలి. రిమోట్‌తో ముందే స్టార్ట్ చేసే సదుపాయం ఉంటే ఇంకా మంచిది. కాకపోతే మూసిన గరాజ్‌లో పెట్రోలు ఇంజన్ని ఎప్పుడూ అలా వదలకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ముందు గాలి గొట్టాల మూతుల్ని కారు కప్పు వైపు తిప్పితే చల్లగాలి పైనుంచి వెనక్కి చేరుతుంది. పక్కద్దాలకి అతుక్కునే మెత్తటి తెర చాలు.

బట్టలు ఒక్క పొర, పల్చటి నూలువి. అత్తగారు తన పాత నేత చీర కత్తిరించి నాలుగు జుబ్బాలు కుట్టారు. దుకాణాల్లో దొరికే ఏ 'కూల్' బట్టా వాటికి సాటిరాలేదు. పట్టీ మాత్రం వేసవైనా బిగుతుగానే ఉండాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు. చెస్ట్ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి. ఉక్కపోస్తోందని పట్టీ వదులు చేస్తే, ఒళ్ళో పెట్టుకున్నదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. దూర ప్రయాణాల్లో మధ్యమధ్య ఆగి, సీట్లోంచి తీసి, వీపు ఆరనివ్వాలి. ఆరు నెలలు నిండని పిల్లలకి మంచినీళ్ళు కాదు, పాలే ఎక్కువసార్లు పట్టాలి.

ఇంతవరకూ చెప్పింది చెమట సంగతి. చెమటతో పిల్లాడు ఏడుస్తాడు, ఇల్లు చేరగానే నవ్వుతాడు. ప్రాణం తీసేది కదిలే కారు కాదు, ఆగిన కారు. పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళకంటే 3 నుంచి 5 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 104 దాటితే వడదెబ్బ, 107 అంటే ప్రాణాంతకం. అమెరికాలో ఇలా కార్లలో పోయిన పిల్లల సంఖ్య 1998 నుంచి 2024 చివరికి వెయ్యి దాటింది. అందులో సగానికి పైగా, పెద్దవాళ్ళు మర్చిపోయి వదిలేసినవాళ్ళే.

"కన్నబిడ్డని ఎవరైనా మర్చిపోతారా?" అని మనకి వెంటనే కోపం వస్తుంది. 2009లో వాషింగ్టన్ పోస్ట్‌లో జీన్ వైన్‌గార్టెన్ ఇలాంటి తల్లిదండ్రుల గురించి రాసిన వ్యాసానికి 2010లో పులిట్జర్ వచ్చింది. అందులో ఉన్నది తాగుబోతులూ బాధ్యత లేనివాళ్ళూ కాదు, మనలాంటి ఉద్యోగస్తులు. సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీలో జ్ఞాపకశక్తి మీద పనిచేసిన డేవిడ్ డైమండ్ చెప్పేది ఇదీ: రోజూ చేసే పనిని నడిపించే అలవాటు జ్ఞాపకం వేరు, "ఇవాళ ఫలానా పని చెయ్యాలి" అని గుర్తుచేసే జ్ఞాపకం వేరు. నిద్ర చాలనప్పుడు, ఒత్తిడిలో ఉన్నప్పుడు మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. రోజూ డేకేర్‌లో దింపే ఆవిడకి ఆ రోజు మీటింగ్ ఉంటుంది, ఆయన దింపాలి, పిల్లాడు వెనక్కి తిరిగి నిద్రపోయుంటాడు, కారు అలవాటుగా ఆఫీసుకెళ్ళిపోతుంది. రాత్రి రిలీజులూ, తెల్లవారుజామున ఇండియా కాల్సూ, పాలకేడ్చే పిల్లాడూ ఉన్న మన ఇళ్ళకి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ప్రేమ ఉంది కదా అని బ్యాకప్ మానేస్తామా? సర్వర్‌ని మనం అలా నమ్మం. లాప్‌టాప్ సంచీ, బ్యాడ్జీ ఎప్పుడూ వెనక సీట్లో పిల్లాడి పక్కన పెట్టడం మా ఇంట్లో నియమం. వాడు కార్లో లేని రోజు కూడా అంతే, లేకపోతే అలవాటవదు. 2017 మోడల్ నుంచి కొన్ని కార్లలో వెనక సీటు చూడమని గుర్తుచేసే ఏర్పాటు వచ్చింది. కానీ అందులో చాలావాటికి తెలిసేది బయల్దేరేముందు వెనక తలుపు తీశారని మాత్రమే, పిల్లాడున్నాడని కాదు. దాని మీదే ఆధారపడకండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకీ ఒక మాట. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో, ఆడుకుంటూ ఆగివున్న కారెక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక చనిపోయారు. ఇంటి ముందున్న కారైనా తాళం వేసే ఉంచండి. పిల్లాడు కనపడకపోతే ముందు కార్లూ డిక్కీలూ వెతకండి. సీటు సంగతంటారా, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టింది. జరిమానా కోసం కాదు, ఆ 135 కిలోల లెక్క హైదరాబాదులోనూ అంతే.

ఎక్కడైనా ఆగిన కార్లో ఒంటరిగా పిల్లాడు కనిపిస్తే, "వాళ్ళమ్మ వచ్చేస్తుందిలే" అనుకుని వెళ్ళిపోకండి. ఇక్కడైతే 911, అక్కడైతే 112 లేదా 108. ఒళ్ళు కాలిపోతూ, మగతగా ఉంటే చల్లటి చోటికి మార్చి నీళ్ళతో తడపాలి.

ఇక చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మన సిస్టమ్స్‌లో హార్ట్‌బీట్ రాకపోతే అలారం మోగుతుంది. డేకేర్‌కీ అదే పెట్టుకోవచ్చు: తొమ్మిదింబావుకల్లా పిల్లాడు రాకపోతే, మెయిల్ కాదు, ఫోన్ చెయ్యాలి, ఇద్దరికీ చెయ్యాలి, ఎవరో ఒకరు ఎత్తేదాకా చెయ్యాలి. మీ డేకేర్ వాళ్ళు అలా చేస్తారో లేదో రేపు పొద్దున దింపేటప్పుడు అడగండి. రెండు నిమిషాల పని.