ఒసాకాలో బల్లమీది పొయ్యి

ఒసాకా చూసివచ్చినవాళ్ళు సాధారణంగా అక్కడి కోటను గురించి చెబుతారు. కోట చూడదగినదే. కాని ఇప్పుడు కనిపించే బురుజు 1931లో కాంక్రీటుతో తిరిగి కట్టినది. లోపల లిఫ్టు కూడా వున్నది. ఆ వూరి అసలు గుట్టు తెలియాలంటే కోట ఎక్కితే చాలదు. ఎవరింట్లోనైనా భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలి.

వెనుకటి రోజుల్లో ఒసాకాను దేశానికి వంటిల్లు అనేవారు. నలుమూలల ప్రభువుల ధాన్యం ఓడలమీద వచ్చి ఇక్కడి గిడ్డంగుల్లో చేరేది. క్యోటో వాళ్ళు బట్టలకూ, ఒసాకా వాళ్ళు తిండికీ ఇల్లు గుల్ల చేసుకుంటారని జపానులో ఒక నానుడి. దోతోంబోరి కాలువ గట్టున సాయంత్రం పూట నడిస్తే అది నిజమేననిపిస్తుంది. అడుగడుగునా పెద్ద పెద్ద ఇనుప పెనాలు, వాటినిండా వరసగా గుంతలు, గుంతల్లో గోధుమ జారుపిండి. వంటవాడు సన్నని ఇనుప పుల్లతో గిర్రున తిప్పుతుంటే అవి గుండ్రంగా, ఎర్రగా తయారవుతాయి. వాటి పేరు తకోయాకి. 1935 ప్రాంతంలో ఈ వూళ్ళోనే పుట్టిన వంటకం.

నా వెంట వచ్చిన మా అక్కయ్య ఒక పెనం ముందు నిలబడిపోయింది.

"ఒరేయ్, ఇవి మన గుంతపొంగణాలు కావుట్రా!" అన్నది.

కోస్తావాళ్ళు గుంతపునుగులంటారే, అవే. కాకపోతే ప్రతి గుంతలోనూ ఒక ఆక్టోపస్ ముక్క వేస్తారు. ఆక్టోపస్ అంటే ఏమిటో నేను వివరించగానే అక్కయ్య రెండడుగులు వెనక్కి వేసింది.

మేము దిగింది అక్కయ్య కొడుకు ఇంట్లో. ఎనిమిదో అంతస్తు. వంటగదిలో ఒకరు నిలబడితే రెండోవారు గుమ్మంలో ఆగవలసిందే. అటువంటి ఇళ్ళల్లో పొగ వచ్చే వంట చాలా ఇబ్బంది. అందుకని అక్కడి సంసారులు చాలామంది కరెంటు పెనం ఒకటి కొనుక్కుని నేరుగా భోజనాల బల్లమీద పెట్టుకుంటారు. దానికి మార్చుకునే పళ్ళేలు వుంటాయి. చదునైనది ఒకోనోమియాకికి. ఒకోనోమి అంటే ఎవరికి నచ్చింది వారికి అని, యాకి అంటే కాల్చినదని అర్థం. క్యాబేజీ తరుగు కలిపి మన ఊతప్పంలా మందంగా పోస్తారు. చారల పళ్ళెం మాంసం కాల్చడానికి. కొవ్వు కిందకు కారి నీళ్ళతొట్టిలో పడుతుంది గనుక పొగ తక్కువ. గుంతల పళ్ళెం తకోయాకికి. దాని తీగ పెనానికి అయస్కాంతంతో అంటుకుని వుంటుంది. పిల్లవాడి కాలు తగిలినా తీగ వూడి వస్తుందే తప్ప పెనం బోర్లాపడదు.

ఒక శనివారం రాత్రి మా కోడలు ఆ గుంతల పళ్ళెం బయటికి తీసింది. కోబేలో మన సరుకులు అమ్మే దుకాణాలు వున్నాయి. అక్కడినుంచి తెచ్చిన మినప్పప్పుతో పిండి రుబ్బి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి కలిపింది. పొరుగింటి జపాను ఆవిడను కూడా పిలిచింది. మొత్తం ఆరుగురం. పెనానికి 24 గుంతలు. మనిషికి నాలుగు చొప్పున పంచుకుని, తలా ఒక వెదురు పుల్ల చేతపట్టుకున్నాము.

అక్కయ్య మాత్రం కుర్చీ వెనకాల నిలబడింది. అలవాటు మరి! మన ఇళ్ళల్లో అట్లు పోసే రోజున అందరికీ వేడి వేడి అట్టు దొరుకుతుంది, పోసే మనిషికి తప్ప. యాభై ఏళ్ళుగా అక్కయ్య అలా నిలబడే వున్నది. పొరుగింటావిడ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, పుల్ల చేతికిచ్చింది. ఇద్దరికీ భాష కలవదు గనుక వాదనకు వీలులేకపోయింది.

మొదటి పొంగణం పొంగగానే అక్కయ్య దాన్ని తీసి కొడుకు పళ్ళెంలో వేయబోయింది.

"నావి నా గుంతల్లో వున్నాయమ్మా. నువ్వు తిను, చల్లారిపోతుంది" అన్నాడు వాడు.

తిన్నది. నాలుక చురుక్కుమంది కాబోలు, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరువాత కోడలివైపు తిరిగి, "ఉప్పు సరిగ్గానే వుందే! నేను తినేసరికి నాకెప్పుడూ కాస్త ఎక్కువైనట్టుండేది. వీళ్ళెవరూ అనరేమిటా అనుకునేదాన్ని" అన్నది.

బల్ల దగ్గర ఒక్క క్షణం ఎవరమూ మాట్లాడలేదు. ఉప్పు చల్లారినదాంట్లో ఎక్కువగా తెలుస్తుంది. ఆ సంగతి ఇన్నేళ్ళు ఆమెకు తెలియకపోవడానికి కారణం మేమందరమూ ముందు తినడమే.

1955లో తోషిబావారు తనంతట తానే ఆగిపోయే కరెంటు అన్నపు కుక్కరు అమ్మకానికి పెట్టారు. తెల్లవారకముందే లేచి పొయ్యి దగ్గర కూర్చునే బాధ జపాను ఇల్లాలికి దానితో తగ్గింది. కాని కుక్కరు వుండేది వంటగదిలోనే. ఈ పెనం అలా కాదు. పొయ్యినే బల్లమీదికి తెచ్చి, వండే మనిషిని అందరి మధ్యా కూర్చోబెట్టింది. ఆ రాత్రి పెనం కడిగింది కూడా మా మేనల్లుడే. పూత గీరుకుపోకుండా మెత్తని స్పాంజితో తోమాడు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. జపానులో కరెంటు 100 వోల్టులు. ఇటువంటి పెనం 1300 వాట్ల దాకా లాగుతుంది. అదే లైనుమీద ఇంకో పెద్ద యంత్రం వేస్తే ఇల్లు చీకటైపోవచ్చు.

తిరుగు ప్రయాణానికి ముందు దోగుయాసుజి వీధికి వెళ్ళాము. హోటళ్ళవాళ్ళు గిన్నెలూ, కత్తులూ, అద్దాల బీరువాల్లో పెట్టుకునే బొమ్మ వంటకాలూ కొనే వీధి అది. పెనం కొనిస్తానన్నాడు మేనల్లుడు. మన దేశంలో 230 వోల్టులు గనుక దీన్ని అక్కడ నేరుగా తగిలిస్తే అయిదు రెట్ల వేడి పుట్టి మాడి వూరుకుంటుందని నేను చెప్పాను.

"అయితే వద్దులే" అన్నది అక్కయ్య. "కరెంటు పొయ్యిలు మన బజార్లోనూ వున్నాయి. దానికి తగిన గుంతల పెనమూ దొరుకుతుంది. ఇంటికి వెళ్ళగానే భోజనాల బల్లమీది పాత పేపర్లన్నీ తీసెయ్యాలి. తీగ అక్కడిదాకా వచ్చేటట్టు చూడు."