తుని నుంచి చందుర్తి: బైక్ మీద రెండు కంపెనీల మధ్యకి

వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఆర్నెల్లుగా మా తునిలోనే ఉన్నా. పోయిన ఆదివారం బైక్ తీశా. అన్నవరం దాటి, కత్తిపూడిలో కాకినాడ రోడ్డు ఎక్కితే గొల్లప్రోలు దగ్గర చందుర్తి. ఊళ్ళో టీ కొట్టాయన్ని అడిగా, "యుద్ధం జరిగింది ఇక్కడేనాండీ?" అని.

"ఆయ్, ఏ యుద్ధమండీ? పంచాయతీ ఎలక్షనా?" అన్నాడాయన.

ఆయన తప్పేం లేదు. చుట్టూ చేలే. కానీ 1758 డిసెంబర్‌లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ, ఫ్రెంచ్ కంపెనీ ఇక్కడే కొట్టుకున్నాయి. విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లిష్‌వాళ్ళని పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని ఓడల్లో విశాఖ పంపాడు. అటు కాన్‌ఫ్లాన్స్. ఎర్రకోట్లు వేసుకున్న మన సిపాయిల్ని చూసి వీళ్ళే తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు మీద పడ్డారట. అసలు తెల్ల పటాలం ఎత్తుగా పెరిగిన చేను వెనకాల ఉంది! అంతే, ఫ్రెంచివాళ్ళు రాజమండ్రి వైపు పరుగు. గెలిచాక ఫోర్డ్‌కి, రాజుకి డబ్బుల దగ్గర పేచీ వచ్చి కొన్ని వారాలు పోయాయి. అయినా 1759 ఏప్రిల్‌లో బందరు కోట కూడా పడింది.

ఇంత గొడవా దేనికి? కెనడాలో బీవర్ తోలు కోసం హడ్సన్స్ బే, నార్త్‌వెస్ట్ కంపెనీలు కొట్టుకుని 1821లో ఒకటైపోయాయి. ఇక్కడ ఆ తోలు స్థానంలో గుడ్డ ఉంది. గోదావరి మగ్గాల మీద నేసిన గుడ్డ యూరప్ దాకా వెళ్ళేది. యానాంలో ఫ్రెంచివాళ్ళు, పక్కనే ఇంజరంలో ఇంగ్లిష్‌వాళ్ళు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. ముగ్గురు కొనేవాళ్ళుంటే నేతగాడికి బేరమాడే వీలుంటుంది కదా. ఒక్కడే మిగిలాక ఏమవుతుంది? ఇంగ్లిష్ కంపెనీ అడ్వాన్సు ఇచ్చి, ఇక వేరేవాళ్ళకి అమ్మకూడదంది. కొందరు దొంగచాటుగా యానాంకి అమ్ముకునేవారు. 1798లో ఈ గోదావరి నేతగాళ్ళు కంపెనీ మీద తిరగబడ్డారు కూడా. మా బడి పుస్తకాల్లో ప్లాసీ ఉంది గానీ ఇది గుర్తులేదు నాకు.

పిఠాపురం మీదుగా ఉప్పాడ వెళ్ళా. మా పెద్దమ్మ ఇంట్లో మగ్గం మీద జాందానీ చీర సగంలో ఉంది. పట్టు షావుకారుది, డిజైన్ షావుకారుది, చెయ్యి మాత్రం ఆవిడది.

"ఎక్కువ ఇస్తామంటే ఇంకొకళ్ళకి నేసిపెట్టొచ్చుగా పెద్దమ్మా?"

"అడ్వాన్సు తిన్నాక ఎలా కుదురుద్దిరా?" అంది, నూలు ముడి పళ్ళతో తెంపుతూ.

నేనేం మాట్లాడలేదు. మా కంపెనీ ట్రైనింగ్ పేరుతో బాండ్ రాయించుకుంది. మొన్న ఇంకో కంపెనీ నలభై శాతం ఎక్కువ ఇస్తామంది. బాండ్ డబ్బు కట్టి పోదామంటే ఆ డబ్బు నా దగ్గర లేదు.

"నీ సంగతి ఏమైందిరా?" అనడిగింది పెద్దమ్మ.

"ఇంకా నాలుగు నెలలుంది పెద్దమ్మా."

"నా చీర ఇంకో ఇరవై రోజులు" అంది.